సముద్రం అడుగున సైస్మిక్ కేబుళ్లు పూడ్చే పని: మా తమ్ముడికి ఆఫర్ వచ్చింది, తెలిసినవాళ్లు చెప్పండి

డిండి వాగు

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. మా తమ్ముడు ఉస్మానియాలో జియోఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్లూ బోరు పాయింట్లు చూసే ఒకాయన వెంట రెసిస్టివిటీ మిషన్ మోసుకుంటూ ఊరూరా తిరిగాడు. ఇప్పుడు నార్వే వైపు ఒక ఓడ మీద ట్రైనీ ఉద్యోగం అని లెటర్ వచ్చింది. చమురు తీసే చోట సముద్రం అడుగున, నేల కంపనాలను పట్టే సెన్సర్లు (సైస్మిక్ అంటే అదేనట) ఉన్న కేబుళ్లు పరిచి, మట్టిలో పూడ్చి, వాటిని అక్కడే శాశ్వతంగా వదిలేసే పనట. లెటర్‌లో పర్మనెంట్ రిజర్వాయర్ మానిటరింగ్, పీఆర్‌ఎం అని రాశారు, అంటే చమురున్న రాతిని ఎప్పటికీ గమనిస్తూ ఉండటమట. వాడు సంతోషంతో గబగబా చెబుతుంటాడు, నాకు సగం అర్థమవుతుంది, సగం కాదు. అమ్మ మాత్రం రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు.

మా భయానికి కారణం ఉంది. మా చిన్నాయన కొడుకు 2016లో గల్ఫ్‌లో రిగ్గు ఉద్యోగం అని ఒక ఏజెంటుకు లక్షా ఎనభై వేలు కట్టాడు. అక్కడికి పోయాక రిగ్గు లేదు, ఏమీ లేదు, ఎండలో పైపులు మోయించారు. ఎనిమిది నెలలకు తిరిగొచ్చాడు, అప్పు తీర్చడానికి ఎకరం పొలం పోయింది. అందుకే అడుగుతున్నా. అసలు ఇలాంటి పని ఒకటి ఉందా? సముద్రం అడుగున పెట్టి వదిలేస్తే ఏం తెలుస్తుంది? పిల్లాడిని పంపొచ్చా?

పాలమూరు కందకం

చెల్లె, ముందు అమ్మకు అన్నం తినమని చెప్పు. పని ఉంది, నిజమైనదే. నేను 2012 నుంచి ఇదే లైన్లో ఉన్నా. మాది నారాయణపేట దగ్గర. మా నాయిన గుంపు మేస్త్రీ వెంట వెళ్లి దేశమంతా టెలిఫోన్ కేబుల్ గుంతలు తవ్వినవాడు, నేను సముద్రం అడుగున కేబుల్ పూడ్చే ఓడల మీద ట్రెంచింగ్ క్రూలో ఉంటా. ఇప్పుడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నా కాబట్టి ఏమడిగినా చెబుతా.

చమురు అంటే నేల కింద చెరువులాగా నిండి ఉంటుందని చాలామంది అనుకుంటారు. రాయి రంధ్రాల్లో చెమ్మలాగా పట్టి ఉంటుంది. ఒక బావి నుంచి తీస్తుంటే ఇంకో బావి నుంచి నీళ్లో గ్యాసో లోపలికి కొడతారు, ఆ నీళ్లు చమురును నెట్టుకుంటూ రావాలి. అయితే ఆ నీళ్లు ఎటు పోతున్నాయి, చమురు ఏ మూల మిగిలిపోయింది అన్నది రెండు మూడు కిలోమీటర్ల లోతులో ఎవరికి కనిపిస్తుంది? అది చూడటానికే ఈ కేబుళ్లు. పైన ఓడ ఎయిర్‌గన్‌తో చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు నేల లోపలికి పోయి రాతి పొరలకు తగిలి తిరిగొస్తుంది, అడుగున పూడ్చిన సెన్సర్లు పట్టుకుంటాయి. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ అదే చప్పుడు, అవే సెన్సర్లు. రెండుసార్లు వచ్చిన బొమ్మల మధ్య తేడా తీస్తే, మధ్యలో లోపల ఏం కదిలిందో తెలుస్తుంది.

మూసీ గట్టు

అన్నా, నాకు ఒక డౌటు. మాకు చౌటుప్పల్ దగ్గర బోర్‌వెల్ లారీ ఉండేది, అందుకే ఈ నేల కింద సంగతులంటే ఆసక్తి. ఓడ వెనక తాళ్లలాగా సెన్సర్లు కట్టి లాగుతూ సర్వే చేస్తారు కదా, అది అయిపోగానే చుట్టేసుకుని వెళ్లిపోవచ్చు. మరి వందల కిలోమీటర్ల కేబుల్ కొని, అడుగున పూడ్చి, అక్కడే వదిలేయడం ఎందుకు? అంత ఖర్చు ఎలా గిట్టుబాటు అవుతుంది?

పాలమూరు కందకం

మంచి ప్రశ్న తమ్మీ. లాగే తాళ్లను స్ట్రీమర్లు అంటారు, ఒక్కోటి ఆరు నుంచి ఎనిమిది కిలోమీటర్లు ఉంటుంది. నీటి ప్రవాహం వాటిని పక్కకు నెడుతుంది, ఈ ఏడాది ఒక వైపు, వచ్చే ఏడాది ఇంకో వైపు. సెన్సర్ నిరుడు ఉన్న చోటే ఈసారీ ఉండాలంటే కుదరదు. మనం వెతికే తేడా ఎంత చిన్నదంటే, చప్పుడు తిరిగొచ్చే సమయంలో కొన్ని మిల్లీసెకన్లు. సెన్సర్ పది ఇరవై మీటర్లు జరిగితే ఆ తేడా చమురు వల్ల వచ్చిందో జరగడం వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. పైగా ప్లాట్‌ఫాం చుట్టూ స్ట్రీమర్ లాగడానికి దారి ఉండదు, తగలకుండా తప్పించుకుని పోవాలి, సరిగ్గా చమురు తీసే చోటే బొమ్మలో చిల్లు పడుతుంది.

ఊరి చెరువులో నీళ్లు ఎంత తగ్గాయో తెలియాలంటే తూము దగ్గర గీతలు కొట్టిన రాయి చూస్తాం. ఆ రాయిని ప్రతిసారీ పీకి వేరే చోట నాటితే లెక్క ఏముంటుంది? పూడ్చిన సెన్సర్ ఆ గీతల రాయి లాంటిది.

కందనూలు మాస్టారు

నేను నాగర్‌కర్నూల్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. అడుగునే పెట్టడానికి ఇంకో కారణం ఉంది, నాకు అది అన్నిటికంటే అందమైన కారణం అనిపిస్తుంది, కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

నేలలో రెండు రకాల తరంగాలు నడుస్తాయి. ఒకటి తోసుకుంటూ పోయేది, పీ తరంగం. రెండోది పక్కకు ఊగుతూ పోయేది, ఎస్ తరంగం. క్లాసులో ఇద్దరు పిల్లల చేతికి తాడు ఇచ్చి ఒకరిని పైకీ కిందికీ ఆడించమంటాను, అల నడిచిపోతుంది, అదే ఎస్ తరంగం. తాడుకు బిగువు ఉంది కాబట్టి నడిచింది. నీటికి ఆ బిగువు లేదు. పక్కకు జరిపితే జరిగిపోతుంది తప్ప వెనక్కి లాగదు, అందుకే ఎస్ తరంగం నీటిలో అడుగు కూడా పెట్టలేదు. నీటి పైభాగంలో తేలే స్ట్రీమర్‌కు అది ఎప్పటికీ అందదు. అడుగున మట్టిలో కూర్చున్న సెన్సర్‌కు అందుతుంది. అందుకే ఒక్కో సెన్సర్ డబ్బాలో నాలుగు భాగాలు ఉంటాయి. నీటి ఒత్తిడిని వినే హైడ్రోఫోన్ ఒకటి, మూడు దిక్కుల్లో నేల కదలికను పట్టే జియోఫోన్లు మూడు.

ఇది ఎందుకు పనికొస్తుందో చెప్పడానికి నార్వేలోని వాల్‌హాల్ చమురు క్షేత్రం కంటే మంచి ఉదాహరణ లేదు. 1975లో కనుగొన్నారు, 1982లో చమురు మొదలైంది. అక్కడ చమురు సున్నపురాయి లాంటి మెత్తని చాక్ రాతిలో ఉంది, దాని పైపొరల్లో గ్యాసు పొగమంచులాగా వ్యాపించి ఉంది. పీ తరంగం ఆ గ్యాసులోకి పోగానే నెమ్మదించి చెదిరిపోతుంది, మధ్యలో అంతా మసక. ఎస్ తరంగం మాత్రం రాతి ఎముకల గూడు పట్టుకుని నడుస్తుంది, రంధ్రాల్లో గ్యాసు ఉన్నా నీళ్లు ఉన్నా దానికి పెద్దగా పట్టదు. కింద రాతికి తగిలి ఎస్‌గా మారి పైకొచ్చిన తరంగాన్ని అడుగున పట్టుకున్నాక ఆ మసక వెనక ఏముందో కనిపించింది. 2003లో అక్కడ దాదాపు 120 కిలోమీటర్ల కేబుల్ పూడ్చారు. కేబుల్‌కూ కేబుల్‌కూ మధ్య 300 మీటర్లు, ఒకే కేబుల్ మీద సెన్సర్‌కూ సెన్సర్‌కూ 50 మీటర్లు. మొత్తం క్షేత్రం మీద ఇంత పెద్ద ఎత్తున శాశ్వతంగా పెట్టింది అక్కడే మొదలు. అంతకుముందు 1995లో బ్రిటన్‌లోని షెట్‌లాండ్ దీవులకు పడమటన ఫోయినావెన్ క్షేత్రంలో ప్రయోగంగా చేసి చూశారు.

డిండి వాగు

సార్, తాడు మాట మా తమ్ముడికి చదివి వినిపించాను, "సార్ భలే చెప్పారక్కా" అన్నాడు. వాడు నాకు ఇదే విషయం మూడు రోజులుగా చెబుతున్నాడు, ఇప్పుడు అర్థమైంది. థాంక్యూ సార్.

ఎడమకాల్వ

మిర్యాలగూడ నాది, హైదరాబాద్‌లో సైస్మిక్ డేటా ప్రాసెసింగ్ చేస్తాను. ఆ కేబుళ్ల నుంచి వచ్చేదంతా చివరికి మా లాంటివాళ్ల స్క్రీన్ మీదికే వస్తుంది కాబట్టి అటువైపు నుంచి చెబుతా.

రెండు సర్వేల బొమ్మలు పక్కపక్కన పెడితే మామూలు కంటికి ఒకేలా ఉంటాయి, గీతలు గీతలుగా, కోసిన ఉల్లిగడ్డ పొరల్లాగా. ఒకదాని నుంచి ఇంకోటి తీసేస్తాం. అంతా సరిగ్గా ఉంటే మారని చోట తెల్లగా రావాలి, మారిన చోట మాత్రమే రంగు నిలవాలి. స్ట్రీమర్ డేటాతో ఆ తెలుపు రప్పించడానికి నెలల తరబడి కుస్తీ పట్టాల్సి వస్తుంది. పూడ్చిన కేబుళ్ల డేటాతో మొదటిసారి పనిచేసిన రోజు నాకు బాగా గుర్తుంది. తేడా బొమ్మ తెరిస్తే తెల్లటి గుడ్డ మీద ఒక్క మరక పడినట్టు, నీళ్లు కొట్టే బావి దగ్గర మొదలై ఒక పక్కకు నాలుకలాగా సాగి ఉంది. ఇంజనీర్లు నీళ్లు ఉత్తరంగా పోతున్నాయని అనుకుంటున్నారు, అవి తూర్పుకు పోతున్నాయి. మధ్యలో ఒక పగులు ఉంది, దాని వెంట జారిపోతున్నాయి. ఆ పక్కన వేయాల్సిన కొత్త బావి పాయింటు మార్చారు. సముద్రంలో ఒక బావి తవ్వడమంటే కోట్ల డాలర్ల ఖర్చు. మూసీ గట్టు గారు అడిగిన గిట్టుబాటు ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది, చమురు బదులు నీళ్లే తగిలే చోట వేయబోయే ఒకటి రెండు బావులు తప్పిస్తే కేబుల్ ఖర్చులో పెద్ద భాగం వచ్చేసినట్టే.

కేబుళ్లలో రెండు జాతులు ఉన్నాయి. పాతవి కరెంటువి. సెన్సర్ దగ్గరే ఎలక్ట్రానిక్స్ ఉంటాయి, వాటికి కరెంటు పంపాలి. కొత్తవి చాలావరకు ఫైబర్ ఆప్టిక్. సెన్సర్ లోపల సన్నని గాజు పోగు చుట్టి ఉంటుంది, నేల కదిలితే ఆ పోగు ఊహకందనంత కొద్దిగా సాగుతుంది, అందులోంచి పోయే లేజర్ కాంతి ఫేజు, అంటే ఆ కాంతి అల లయ, మారుతుంది, ఆ మార్పును ప్లాట్‌ఫాం మీద కూర్చున్న యంత్రం కొలుస్తుంది. అడుగున కరెంటు లేదు, చిప్పు లేదు, పాడవడానికి ఉన్నవి తక్కువ. నార్వేలోని ఎకోఫిస్క్ క్షేత్రంలో 2010లో ఇలాంటిదే వేశారు, దాదాపు నాలుగు వేల సెన్సర్ స్థానాలు. బ్రెజిల్‌లో జుబార్తె దగ్గర 2012లో 1,200 మీటర్లకు పైగా లోతులో వేశారు. నార్వేలోనే స్నోరె, గ్రానె క్షేత్రాల్లో రెండిట్లో కలిపి 600 కిలోమీటర్లకు పైగా పరిచారు. అక్కడిదే జోహాన్ స్వెర్‌డ్రుప్ క్షేత్రంలో 2019లో చమురు మొదలైంది, అక్కడ దాదాపు 380 కిలోమీటర్ల ఫైబర్ కేబుల్, 6,500కు పైగా సెన్సర్లు. ఉన్న చమురులో 70 శాతం దాకా తీయాలన్నది మొదట్లో అక్కడ పెట్టుకున్న లక్ష్యం, కేబుళ్లు మొదట్లోనే పెట్టడానికి అదో కారణం. సగం తీశాక కళ్లద్దాలు పెట్టుకుంటే మొదటి సగం ఎలా కదిలిందో ఎప్పటికీ తెలియదు.

మూసీ గట్టు

ఉల్లిగడ్డ పొరలు, తెల్లగుడ్డ మీద మరక, ఇలా చెబితే ఎవరికైనా తెలుస్తుంది అన్నా. మరి పూడ్చే పని సంగతి? ఆ పిల్లాడు చేయబోయేది అదే కదా.

పాలమూరు కందకం

చెబుతా. కాస్త పెద్దగా ఉంటుంది.

ఓడ వెనక డెక్ మీద పెద్ద పెద్ద చుట్టలుగా కేబుల్ ఉంటుంది. వేలు లావు నుంచి మణికట్టు లావు దాకా ఉంటుంది, మధ్య మధ్య సెన్సర్ ఉబ్బు, పొట్లకాయ మింగిన పాములాగా. ఓడ లంగరు వేయదు, కింది నుంచి తిరిగే ఫ్యాన్లతో కంప్యూటరే దాన్ని మీటరు అటూ ఇటూ కాకుండా గీత మీద నడుపుతుంది. కేబుల్ బిగువు కొలుస్తూ వెనక నుంచి జారవిడుస్తారు. ఎక్కువ బిగిస్తే లోపల పోగులు దెబ్బతింటాయి, వదులు చేస్తే అడుగున ఉంగరాలు చుట్టుకుంటుంది. కేబుల్ అడుగును తాకే చోటును ఆర్‌ఓవీ చూస్తూ ఉంటుంది. ఆర్‌ఓవీ అంటే తాడుకు కట్టి నడిపే మనిషి లేని యంత్రం, ముందు లైట్లు, కెమెరా, రెండు చేతులు. పన్నెండు గంటల షిఫ్టులో ఆ స్క్రీన్ మీద కనిపించేది ఒక్కటే, బూడిద రంగు మట్టి, దాని మీద వచ్చి వాలుతున్న నల్లటి కేబుల్, అప్పుడప్పుడూ ఒక చేప. కళ్లు మూత పడతాయి, కానీ మూయకూడదు. సెన్సర్ ఎక్కడ వాలిందో ఆ క్షణమే నంబరు వేసి రాయాలి. మీ తమ్ముడు ట్రైనీగా చేరితే మొదటి పని బహుశా అదే అవుతుంది.

పరిచాక పూడ్చడం. ట్రెంచర్ అని ఇంకో యంత్రం కేబుల్ మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని, రెండు పక్కలా నీటి ధారలు కొట్టి మట్టిని పులుసులాగా చేస్తుంది, కేబుల్ తన బరువుకు తానే దిగిపోతుంది. మీటరు లోతు అటూ ఇటూ. ఇసుక అయితే గంటల్లో పని, గట్టి బంకమట్టి తగిలిందంటే నరకమే, ఒకే చోట మూడు నాలుగు సార్లు పోవాలి. పూడ్చకపోతే రెండు ప్రమాదాలు. ఒకటి, చేపల పడవలు అడుగున ఈడ్చే వలలు కేబుల్‌ను పట్టుకుని పీకేస్తాయి. రెండు, మట్టి గట్టిగా పట్టుకుంటేనే సెన్సర్ నేలతో కలిసి ఊగుతుంది, పైన వదిలితే నీటి కదలికకు దానంతట అదే వణుకుతుంది. మా నాయిన మీటరు లోతు గుంత తీసి కేబుల్ వేసి మట్టి కప్పి కాలితో తొక్కేవాడు, మేస్త్రీ కర్ర పెట్టి లోతు కొలిచేవాడు, తక్కువుంటే ఆ రోజు కూలి కోసేవాడు. మేమూ లోతు కొలిచే రిపోర్టు ఇవ్వాలి, తక్కువుంటే మళ్లీ తవ్వాలి. ఒకసారి ఇంటికొచ్చినప్పుడు నాయినకు ఫోన్‌లో ట్రెంచర్ వీడియో చూపించా. చాలాసేపు చూసి, "పార లేకుండానే తవ్వుతుందిరా" అన్నాడు. తర్వాత, "లోతు ఎవరు కొలుస్తారు?" అని అడిగాడు. ఆ పని తెలిసిన మనిషి అడిగే ప్రశ్న అది.

ఇక మాకు నిజంగా టెన్షన్ పెట్టేది కనెక్టర్లు. కేబుల్ ముక్కలను నీటి అడుగునే ఆర్‌ఓవీ చేతులతో కలపాల్సి వస్తుంది. మన బోరు మోటారు వైరు జాయింట్ తెలుసు కదా, టేపు సరిగ్గా చుట్టకపోతే నీళ్లు దిగి మోటారు కాలుతుంది. ఇదీ అదే కథ, కాకపోతే బోరు మోటారును నలుగురు కలిసి పైకి లాగి మళ్లీ చుట్టుకోవచ్చు. ఒకసారి నేను ఉన్న ఓడ మీద (కంపెనీ పేరు వద్దు) ఒక కరెంటు కేబుల్ పరిచి పూడ్చి తొమ్మిది రోజులయ్యాక ఇన్సులేషన్ టెస్టులో రీడింగ్ రోజురోజుకూ పడిపోవడం మొదలైంది. మన ఎలక్ట్రీషియన్ మెగ్గర్ పెట్టి చూస్తాడే, అలాంటిదే. ఒక కనెక్టర్ మూతి లోపల ఇసుక రేణువు ఉండిపోయి సీలు సరిగ్గా కూర్చోలేదు. కలపడానికి ముందు నీటి ధారతో మూతి కడగాలి, ఆ రాత్రి గాలి పెరుగుతోందని కంగారులో ఒకసారే కడిగారు, రెండుసార్లు కడగాలని కాగితం మీద ఉంది. ఆ షిఫ్టులో నేనూ ఉన్నా. తవ్వి తీసి, ముక్క మార్చి, మళ్లీ పూడ్చేసరికి వాతావరణం చెడిపోయి పదకొండు రోజులు పోయాయి. అప్పటి నుంచి కనెక్టర్ కలిపేటప్పుడు నేను నోటితో పైకే లెక్కపెడతా, ఒకటి, రెండు. మీ తమ్ముడికి ఇది తప్పకుండా చెప్పు చెల్లె.

నల్లమల గాలి

అమ్రాబాద్ నుంచి. అందరూ బాగా చెబుతున్నారు, కానీ నాకు మనసు ఒప్పడం లేదు. 2019లో మా అడవిలో యురేనియం బోర్ల మాట వచ్చినప్పుడు మేం రోడ్డు మీద కూర్చున్నవాళ్లం. నేల కింద ఏముందో చూస్తాం అని మొదలయ్యేది ఎక్కడికి పోతుందో మాకు తెలుసు. ఆ ఎయిర్‌గన్ చప్పుడుకు తిమింగలాల సంగతేంటి? అక్కడి జాలరుల సంగతేంటి? చివరి చుక్క దాకా చమురు పిండుకోవడానికి ఇంత తెలివి పెట్టాలా?

పాలమూరు కందకం

అన్నా, నువ్వు అడిగింది న్యాయమే, దాటేయను. ఎయిర్‌గన్ చప్పుడు పెద్దదే. ఓడ మీద ఉంటే కాలి కింద డెక్ దగ్గినట్టు అనిపిస్తుంది. శాశ్వత కేబుళ్లు ఉన్నా చప్పుడు చేయాలి, ఆ మాట దాచను. చిన్నగా మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, జంతువులు దూరం పోవడానికి సమయం ఇవ్వాలని. బైనాక్యులర్లు పెట్టుకుని నీటిని చూడటమే పనిగా మనుషులు ఉంటారు, తిమింగలం దగ్గర్లో కనిపిస్తే మొదలుపెట్టడం ఆపుతారు. అయినా వాటికి ఇబ్బంది అస్సలు లేదని నేను అనను. తేడా ఏంటంటే కిలోమీటర్ల తాళ్లు లాగే పెద్ద ఓడ అక్కర్లేదు, ఎయిర్‌గన్ మాత్రమే ఉన్న చిన్న ఓడ చాలు, జాలరుల దారి అంతగా మూసుకుపోదు.

ఎడమకాల్వ

నల్లమల అన్నా, ఒక మాట కలుపుతాను. ఈ కేబుళ్లు చమురు తీయడానికి మాత్రమే కాదు, తీయడం వల్ల ఏం జరుగుతోందో చెప్పడానికి కూడా. ఎకోఫిస్క్‌లో చాక్ రాయి లోపలి ఒత్తిడి తగ్గి నలిగిపోయి సముద్రం అడుగే కుంగింది. 1987లో ప్లాట్‌ఫాంలను జాకీలు పెట్టి ఆరు మీటర్లు పైకి లేపాల్సి వచ్చింది. వాల్‌హాల్‌లోనూ అడుగు ఆరు మీటర్లకు పైగా కుంగింది. వందల మంది పనిచేసే ఇనుప కట్టడాల కింద నేల ఇలా దిగిపోతుంటే ఎక్కడ ఎంత అన్నది తెలియకుండా ఉండటం ఇంకా ప్రమాదం. ఎయిర్‌గన్ మోగని రోజుల్లో కూడా ఈ సెన్సర్లు వింటూనే ఉంటాయి. కింద రాయి చిట్లినా, కొట్టిన నీళ్లు పైపొరల్లోకి దారి చేసుకుంటున్నా ఆ చిన్న కంపనాలు వినిపిస్తాయి. లీకు బయటపడేలోపే తెలిసే అవకాశం ఉంది. నార్వేలోనే స్లైప్‌నర్ దగ్గర 1996 నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను ఏడాదికి పది లక్షల టన్నుల దాకా నేల కిందికి పంపి దాచారు, అది ఎటు పాకిందో సైస్మిక్ సర్వేలు మళ్లీ మళ్లీ చేసే చూశారు. రేపు ఈ విద్య చమురు కంటే దానికే ఎక్కువ అవసరం పడొచ్చని నా నమ్మకం.

నల్లమల గాలి

లీకు ముందే తెలుసుకోవడానికి అంటే ఒప్పుకుంటాను. వినే చెవి ఎవరి చేతిలో ఉంది, విన్నది బయటికి చెబుతారా అన్నది నా రెండో ప్రశ్న. అది ఇక్కడ తేలేది కాదు, ఆ పిల్లాడి ఉద్యోగానికి అడ్డు పడను. మంచిగా నేర్చుకుని రమ్మనండి.

కందనూలు మాస్టారు

మధ్యలో ఒక మాట. మన కాళ్ల కింద గ్రానైటు, ఇక్కడ చమురు పుట్టదు. కానీ మన గద్వాల మీదుగా, సోమశిల మీదుగా, సాగర్ మీదుగా పోయే కృష్ణ లక్షల ఏళ్లుగా మోసుకుపోయిన మట్టి, గోదావరి మట్టి కలిసి పేరుకున్న చోటే కేజీ బేసిన్. అక్కడ సముద్రంలోని డీ6 అనే బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాసు మొదలై, మరుసటి ఏడాది రోజుకు 60 మిలియన్ ఘనపు మీటర్ల దాకా ఎక్కి, తర్వాత గబగబా పడిపోయింది. ఒత్తిడి తగ్గింది, బావుల్లోకి నీళ్లు, ఇసుక వచ్చాయి. ఆ గ్యాసు మొదట తీసిన డీ1, డీ3 అనే రెండు క్షేత్రాలు 2020లో మూతపడ్డాయి. పక్కనే 98/2 బ్లాకులో 2024 జనవరిలో చమురు మొదలైంది. మన పిల్లలు నార్వేలో నేర్చుకున్న పని ఈ ఒడ్డున కూడా చేసే రోజు రావాలని కోరుకుంటున్నాను.

మూసీ గట్టు

ఇంకో డౌటు. ఇప్పుడు బ్యాటరీతో పనిచేసే నోడ్లు, అంటే కేబుల్ లేని విడివిడి సెన్సర్ డబ్బాలు వచ్చాయి, అడుగున పెట్టి సర్వే అయ్యాక ఆర్‌ఓవీతో ఏరుకోవడమే అంటున్నారు. అలాంటప్పుడు ఈ కేబుళ్ల కాలం అయిపోయినట్టేనా? పిల్లాడు చేరబోయే లైనుకు భవిష్యత్తు ఉండాలి కదా.

ఎడమకాల్వ

నోడ్లు బాగా పెరిగాయి, నిజం. మొదటి ఖర్చు తక్కువ, ఒక చోట వాడినవే ఇంకో చోట వాడుకోవచ్చు. రెండు మూడు ఏళ్లకు ఒకసారి చూస్తే చాలనుకునే క్షేత్రానికి నోడ్లే మేలు. కానీ ప్రతిసారీ పెట్టాలి, ఏరాలి, ఆ తర్వాతే డేటా చేతికి వస్తుంది. మళ్లీ పెట్టినప్పుడు సరిగ్గా అదే చోట, అదే వాలులో కూర్చోవడం కష్టం. ఏడాదికి రెండుసార్లు, ఇరవై ఏళ్లు చూడాలనుకునే పెద్ద క్షేత్రానికి పూడ్చిన కేబులే. వాల్‌హాల్‌లో మొదటి పదేళ్లలోనే పదికి పైగా సర్వేలు చేశారు, అన్నిసార్లు నోడ్లు పెట్టి తీయడం ఊహించండి. ఏదైనా సరే, అడుగున సెన్సర్ పెట్టడం, ఆర్‌ఓవీ, పొజిషన్లు, క్వాలిటీ చెక్, ఈ పని తెలిసినవాడికి రెండు చోట్లా అన్నం ఉంది.

పాలమూరు కందకం

చెల్లె, ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు వస్తా. పంపొచ్చా అన్నావు.

డబ్బు అడిగారా? అడిగితే అక్కడే ఆగిపో. ఓడ మీద పనికి మనుషులను పంపే ఏజెంటుకు ఓడల వ్యవహారాలు చూసే మన కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ ఉండాలి, ఆ నంబరు వాళ్ల వెబ్‌సైట్‌లో వెతికితే దొరకాలి. అంతర్జాతీయ మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు ఓడ మనిషి దగ్గర ఫీజు తీసుకోకూడదు. మెడికల్, పాస్‌పోర్టు లాంటివి మాత్రం మనం పెట్టుకోవాల్సి రావొచ్చు. కాంట్రాక్టులో ఓడ పేరు, జీతం, ఎన్ని వారాలు పని, ఎన్ని వారాలు సెలవు, ఇంటికి టికెట్ ఎవరిది, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు, ఇవన్నీ రాసి ఉండాలి. మాకు ఐదు వారాలు ఓడ మీద, ఐదు వారాలు ఇంట్లో. ఉత్తర సముద్రంలో కేబుల్ వేసే పని ఎక్కువగా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకే, చలికాలంలో అలలు పనిచేయనివ్వవు, ఆ నెలల్లో జీతం ఎలా ఇస్తారో ముందే అడగండి.

ఇంకోటి, హెలికాప్టర్ నీళ్లలో పడితే ఎలా బయటపడాలో ట్రైనింగ్ ఉంటుంది. కొలనులో డమ్మీ హెలికాప్టర్‌లో కట్టేసి తలకిందులుగా ముంచుతారు, కిటికీ తోసుకుని బయటికి రావాలి. ఈత వచ్చా వాడికి?

డిండి వాగు

అన్నా, ఈత మాట చదివి ఇంట్లో అందరం నవ్వాం, వాడు ఎనిమిదేళ్లప్పటి నుంచి మా మోటబావిలో గట్టు మీద నుంచి తలకిందులుగా దూకేవాడు, అమ్మ కట్టె పట్టుకుని వెంటపడేది. అమ్మ కూడా నవ్వింది, నాలుగు రోజుల్లో అదే మొదటిసారి.

మీరు చెప్పినవన్నీ నిన్న కూర్చుని కాంట్రాక్టులో ఒక్కొక్కటే వెతికాం. ఎవరూ డబ్బు అడగలేదు. లైసెన్స్ నంబరు వెబ్‌సైట్‌లో ఉంది. ఓడ పేరు, ఐదు వారాలు ఐదు వారాలు, టికెట్, ఇన్సూరెన్స్ ఉన్నాయి. చలికాలం జీతం గురించి ఏమీ రాయలేదు, ఈరోజు మెయిల్ పెట్టాడు, జవాబు వచ్చాకే సంతకం అని చెప్పా. నాయిన ఒకటి అడగమన్నాడు. పూడ్చిన కేబుల్ ఎన్నేళ్లు పనిచేస్తుంది, మధ్యలో ఒక సెన్సర్ చచ్చిపోతే మొత్తం పోతుందా?

పాలమూరు కందకం

నాయినకు చెప్పు, పాతికేళ్లు పనిచేయాలని లెక్క వేసి చేస్తారు. ఒక సెన్సర్ పోతే దానికి ఇరుపక్కల ఉన్నవి వింటూనే ఉంటాయి, బొమ్మలో ఒక చుక్క తగ్గుతుంది అంతే. కేబుల్‌కే దెబ్బ తగిలితే అది వేరే సంగతి. చాలాచోట్ల రెండు వైపుల నుంచీ అందేలా దారి పెడతారు, ఒక వైపు తెగితే ఇంకో వైపు నుంచి వస్తుంది.

చలికాలం జీతం మెయిల్ మంచి పని చేశారు. జవాబు రాగానే ఇక్కడ పెట్టు, చూసి చెబుతా. మెడికల్‌లో చెవి పరీక్ష కఠినంగా ఉంటుంది, బోరు లారీల పక్కన తిరిగినవాడు కాబట్టి ముందే ఒకసారి నల్లగొండలో చూపించుకోమను.

డిండి వాగు

సరే అన్నా. శనివారం తీసుకుపోతా. కనెక్టర్ మూతి రెండుసార్లు కడగాలన్నది వాడు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాడు.